నేను తిప్పి పెట్టిన పుస్తకం

ఒక చిన్న పుస్తకాన్ని నేలమీద ఇటునుంచి అటు తిప్పి పెట్టడానికి బలం అక్కర్లేదు. రెండు వేళ్లు చాలు. ఆ పని నేను 1959 చైత్రంలో మా ఇంటి వసారాలో చేశాను. ఆ పుస్తకం బరువు ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది. మనవరాలి తల దువ్వుతుంటే గుర్తొస్తుంది. నాకిప్పుడు ఎనభై దాటాయి. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లకి చెప్పబోయి ఒకసారి ఆగిపోయాను. మా ఆయన జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "మన చెంగమ్మ సంగతి ఒకటి చెప్పాల" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, "ఏంది?" అన్నాడు. "ఏం లేదు, చూడాలనుంటే కబురు చేద్దామని" అన్నాను. ఆయన సరేనన్నాడు. మా ఇంట్లో పెరిగి, పెళ్లయి వెళ్లిన చెంగమ్మ వచ్చింది. ఆయన పోయేదాకా ఉండి సేవ చేసింది. నేను చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

నేను లెక్క తప్పని మనిషినని ఊళ్లో పేరు. ఎవరి బిడ్డ ఏ ఏడు పుట్టిందో, ఏ చేను ఏ సంవత్సరం ఎంత పండిందో నన్నడిగేవాళ్లు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి నాకు. చెంబు బోర్లించిన చోటు మారితే తోచదు. మనుషులు కూర్చునే చోట్లు కూడా అంతే. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు. జరిగినదానిలో ఈ గుణానికి కూడా పాలుంది. అందుకే ముందుగా చెబుతున్నాను.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. తూర్పుకి పోతే పులికాట్ సరస్సు, పడమటికి పోతే రైలుకట్ట, మధ్యలో మా మళ్లు. నేను పెళ్లికి ముందు గూడూరులో ఎనిమిదో తరగతి దాకా చదివాను. 1950లో కాపురానికి వచ్చేసరికి మా వీధిలో చదవను రాయను వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. ఎవరింటికి ఉత్తరం వచ్చినా నాచేతే చదివించుకునేవాళ్లు. జవాబూ నేనే రాసేదాన్ని. కొంగు నడుముకి చుట్టుకుని, ఉత్తరం పట్టుకుని వచ్చిన పెద్దావిడ కూడా నేను చదివినంతసేపూ నిలబడే ఉండేది. ఆ మర్యాద నాకు బాగా నచ్చేది. అది దాచిపెట్టి ఈ కథ చెప్పలేను.

1957లో చెంగమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆయన అన్న కూతురు. తండ్రి ముందే పోయాడు, ఆ ఏడు తల్లి పోయింది. ఏడేళ్ల పిల్ల. మేం చెంగీ అని పిలిచేవాళ్లం. అదే ఏడు కార్తీకంలో నాకు రెండో బిడ్డ పుట్టాడు. పెద్దవాడు పెంచలుకి అప్పటికి ఆరేళ్లు, ఊళ్లో బడికి పోతున్నాడు. "చెంగిని కూడా పంపుదాం" అన్నాడు మా ఆయన. ఇంట్లో అక్షరాలు వచ్చాక పంపుదామన్నాను నేను. అప్పటికి ఆ మాట అబద్ధం కాదు. నేర్పగలననే అనుకున్నాను.

మా చదువు ఎలా సాగేదో కాస్త ఓపికగా వినాలి మీరు. దీపాలు పెట్టే వేళకి వసారాలో చాప పరిచేదాన్ని. లాంతరు ఒక పక్కన. నా పక్కన పెంచలు. మా ఇద్దరి ముందూ పుస్తకం. పెంచలు కోసం కొన్నది, ఒక్కటే. చాపకి అవతలి వైపున, దూలానికి చీర ఊయల. దాంట్లో పసివాడు. ఊయలకి కట్టిన తాడు పట్టుకుని చెంగి మాకు ఎదురుగా కూర్చునేది. తాడు లాగుతూ ఉండాలి, పాఠమూ వినాలి. రెండు పనులూ ఒక్కచోటే అయిపోతున్నాయని నేను సంబరపడ్డాను కూడా. ఆ చోటు దానికి నేను పెట్టిందే. ఏ రోజూ మార్చలేదు.

పెంచలు అక్షరం మీద వేలు పెట్టి చదివేవాడు. చెంగి తాడు లాగుతూ ఆ వేలినే చూసేది. వాడి పాఠం అయిపోయాక దాని వంతు. అప్పుడు పుస్తకాన్ని దానివైపుకి తిప్పి పెట్టేదాన్ని, అక్షరాలు దానికి తిన్నగా కనపడాలని. చదవమనేదాన్ని. అది పుస్తకం వంక చూసేది. ఎన్నడూ చూడని ఊరికి వచ్చి దారి తెలియనిదానిలా చూసేది. చేయి చాపి పుస్తకాన్ని కదపబోయేది. ఉన్నచోట ఉంచమని ఆ వేళ్ల మీద కొట్టేదాన్ని. చింతబరికెతో. నాలుగైదుసార్లు కొట్టాక కదపడం మానేసింది.

పుస్తకం వదిలేసి ఇసుకలో రాయించాను. చేటలో సన్నటి ఇసుక పోసి దాని ముందు పెట్టి, వెనక నిలబడి, ఆ అక్షరం రాయి, ఈ అక్షరం రాయి అనేదాన్ని. అది ఏవేవో గీసేది. సున్నాలు, వంకలు. వెనక నిలబడ్డ నాకు ఒక్కటీ అక్షరంలా కనిపించేది కాదు. అరచేత్తో చెరిపేసేదాన్ని. దానికి ఎదురుగా వెళ్లి నిలబడి చూసి ఉంటే ప్రతి అక్షరమూ సరిగ్గా ఉండేది. నేను ఒక్కసారైనా ఎదురుగా వెళ్లలేదు. తప్పులు దిద్దేవాళ్లు వెనకే నిలబడాలని నాకెవరు చెప్పారు? బడిలో మా పంతులు అలా నిలబడేవాడు. అంతే.

పొరుగింటి రమణమ్మ ఒకరోజు గోడ మీదుగా తొంగిచూసి నవ్వింది. "ఏం మే, నీ చేతిలో పడితే గూడబాతు కూడా వాచకం చదవతాదనుకున్నానే. ఇదేంది, ఇంకా అ ఆల కాడే ఉండాది?"

నాకు తల కొట్టేసినట్టయింది. "దానికి బుర్ర లేదక్కా. మొద్దు" అన్నాను. చెంగి అక్కడే ఉంది. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట చెప్పాను. పది నోళ్లలో పడి అది దానికి ఇంటిపేరులా అయిపోయింది.

ఇంతవరకూ జరిగినది తెలియక జరిగింది. తెలియనిదానికి నేను పడాల్సిన సిగ్గు వేరే ఉంది. కానీ ఈ రాత దానికోసం కాదు. ఇకముందు జరిగినది తెలిసి జరిగింది.

1959లో, కోతల రోజుల్లో, మధ్యాహ్నం పూట కూలీలకి సంగటి మోసుకుపోయి, వడగాలికి తల తిరిగి పొలం నుంచి తొందరగా వచ్చేశాను. అప్పటికి నాకు మళ్లీ నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. దొడ్డిదారిన లోపలికి వస్తే వసారాలోనుంచి చెంగి గొంతు వినిపించింది. ఆగి ఆగి మాట్లాడుతోంది. తలుపు పక్కన నిలబడి చూశాను. ఒక చేతిలో ఊయల తాడు. ముందు పుస్తకం, తలకిందులుగా. ఇంకో చేతి వేలు కింది వరస కుడి చివర మొదలై ఎడమకి పోతోంది. మళ్లీ పై వరసకి ఎక్కుతోంది. కుమ్మరి కుండలు చేసే పాఠం చదువుతోంది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, ఊయలలో వాడికి వినిపిస్తోంది.

విని వల్లించడమేమో అనుకోవడానికి లేదు. పెంచలు ఇంకా ఆ పాఠం దాకా రాలేదు.

నేను చప్పుడు చేయలేదు. కొట్టు నుంచి బెల్లం చుట్టి తెచ్చిన పేపరు ముక్క పక్కనుంటే అది కూడా తీసుకుంది. ఒక క్షణం చూసి, దాన్ని తిరగేసి పెట్టుకుని, మొదలుపెట్టింది. వేరుశనగ ధర. ఎక్కడో వాన. కొన్ని మాటలు అందలేదు, వదిలేసి ముందుకు పోయింది. వాడు నవ్వితే, "నీకేం తెలుసురా, ఊరుకో, వింటా ఉండు" అని ముద్దుగా కసిరింది. నేను దానితో ఎన్నడూ మాట్లాడని గొంతుతో.

అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ పిల్ల ఏడాదికి పైగా పుస్తకాన్ని ఎదుటివైపు నుంచే చూసింది. పెంచలు వేలు ఏ అక్షరం మీద ఉంటే దాన్ని, తనకి కనిపించిన రూపంలోనే మనసులో పెట్టుకుంది. దానికి అక్షరం అంటే ఆ రూపమే. మేలు చేస్తున్నాననుకుని నేను పుస్తకాన్ని దానివైపు తిప్పిన ప్రతిసారీ, దానికి వచ్చిన చదువుని దాని కళ్ల ముందునుంచి తీసేశాను. తీసేసి, రావడం లేదని కొట్టాను.

అప్పుడు నేనేం చేయాలి? మీరైతే ఏం చేసేవాళ్లు? లోపలికి పోయి దాన్ని దగ్గరకి తీసుకోవాలి. మా ఆయనకి చెప్పాలి. రమణమ్మకి గోడ మీదనుంచి పిలిచి చెప్పాలి. నేను దొడ్లోకి తిరిగి వెళ్లి, కాళ్లు కడుక్కుని, గట్టిగా దగ్గి, అప్పుడే వచ్చినదానిలా లోపలికి వచ్చాను. అది గబుక్కున పుస్తకం మూసి గూట్లో పెట్టింది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అలాగే చాటుగా నిలబడి విన్నాను. నమ్మకం కుదరక కాదు. చెబుదామనే వెళ్లేదాన్ని. చెప్పకుండా వచ్చేసేదాన్ని.

ఎందుకు చెప్పలేదు? మొద్దని ఊరంతా చాటినదాన్ని, ఇప్పుడు ఆ పిల్ల చురుకైనదనీ నేనే గుడ్డిదాన్ననీ చెప్పాలంటే సిగ్గేసింది. చాలా ఏళ్లు ఇదే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. ఇది కాస్త మర్యాదగా ఉన్న కారణం. దాని వెనక ఇంకొకటి ఉంది. కావలి నుంచి చెంగి మేనమామ మస్తానయ్య కోతలయ్యాక వస్తానని కబురు పెట్టి ఉన్నాడు. పిల్లకి చదువు వస్తుంటే తనతో తీసుకుపోయి అక్కడ బడిలో వేస్తానన్నాడు. నా కడుపులో మూడో బిడ్డ. ఊయలలో రెండోవాడు. చెంగి పోతే ఆ తాడు ఎవరు పట్టుకుంటారు? ఈ ప్రశ్న నేను ఇంత స్పష్టంగా ఆ రోజుల్లో వేసుకోలేదు. కానీ జవాబు మాత్రం సిద్ధం చేసుకునే ఉన్నాను.

మస్తానయ్య చైత్రంలో వచ్చాడు. కావలిలో రైసుమిల్లులో గుమాస్తా. పాసింజరు దిగి ఎండలో నడిచి వచ్చాడు, భుజాన సంచి. వాకిట్లోనే చెంగిని పట్టుకున్నాడు.

"ఏందిమే చెంగీ, మామని గుర్తుపట్టినావా? మీసాలు జూసి సంత దొంగనుకున్నావా?"

మా ఆయన నవ్వాడు. "దొంగైతే సంచి నింపుకొని పోవాల బావా. నువ్వు నింపుకొని వచ్చినావు."

సంచిలో చెంగికి గౌను గుడ్డ ఉంది. చెక్క చట్రం ఉన్న కొత్త పలక ఉంది. పలకని ఆయన బయటికి తీయలేదు, కొన మాత్రం చూపించి మళ్లీ లోపలికి తోశాడు. చెంగి కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి.

భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని నాతో అన్నాడు. "మా ఇంటి ఎదురుగానే ఆడబిడ్డల బడి ఉండాది చెల్లెమ్మా. పంతులమ్మని అడిగొచ్చినా. చదవను వస్తే మూడో తరగతిలో కూర్చోబెడతానన్నది. రాకుంటే పసిబిడ్డల్తో ఒకటో తరగతి. ఇంత పొడుగు పిల్ల వాళ్ల మధ్యన కూర్చుంటే రెండు దినాలకే ఏడ్చుకుంటా వస్తాది."

"చదువు రాకపోయినా తీసకపోయి నాలుగు దినాలు పెట్టుకో బావా" అన్నాడు మా ఆయన.

"చదువు కోసరమైతే తీసకపోతా. ఊరికే తీసకపోతే మా ఆడామె దాని చేతికి చీపురిస్తాది. మన మధ్య దాపరికం దేనికి. ఆ చీపురేదో ఇక్కడే పట్టుకుంటే తనవాళ్ల మధ్యనన్నా ఉంటాది." అని నావైపు తిరిగి, "ఏదీ, ఒక పాఠం చదివించు చెల్లెమ్మా, వింటా" అన్నాడు.

పుస్తకం గూట్లోనుంచి తెచ్చి నేనే ఇచ్చాను. చెంగి చాప మీద కూర్చుంది. దాని మొహంలో భయం ఒక్కటే కాదు, ఏదో వెలుగు కూడా ఉంది. పుస్తకం తెరిచి, నా వంక ఒకసారి చూసి, దాన్ని తిరగేసి తన ముందు పెట్టుకుంది. దెబ్బలు తిన్నాక అది నా ఎదుట అలా చేయడం అదే మొదటిసారి. మామ ముందు కొట్టదనుకుందో, ఈరోజు తప్పదనుకుందో.

మస్తానయ్య పకపకా నవ్వాడు. "ఏందిమే, తలకిందులు పెట్టినావే? కావలిలో అట్ట చదివితే టికెట్టు పెట్టి చూస్తారు." అని, నవ్వు ఆపి, నన్నడిగాడు. "నిజంగానే తిరగేసి చదవతాదా ఏంది చెల్లెమ్మా ఇది?"

ఆయన అడిగాడు. ఇది నేను మరిచిపోకూడదని మళ్లీ రాస్తున్నాను. ఆయన నన్ను అడిగాడు. నిజం ఆయన నోటిదాకా వచ్చి, నా నోటినుంచి ఒక్క మాట కోసం ఆగింది. అవునన్నా, వినండి అంటే చాలు. చెంగి వేలు అప్పటికే కింది వరస కుడి చివర ఉంది. నోరు తెరిచింది.

నేను వంగి, పుస్తకాన్ని రెండు వేళ్లతో తిప్పి తిన్నగా పెట్టాను. "సరిగ్గా పెట్టుకోవే" అన్నాను. ఆయనతో, "ఆటకి అట్ట పెట్టుకుంటాది అన్నా. అక్షరం ముక్క రాదు" అన్నాను.

తర్వాత ఆయన చాలాసేపు ఓపిక పట్టాడు. "చదువు తల్లీ, తొందరేం లేదు" అన్నాడు. "ఒక్క మాట చదువు, చాలు" అన్నాడు. చెంగి చదవలేదు. ఏడవలేదు కూడా. చేతులు ఒళ్లో పెట్టుకుని పుస్తకం వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆయనే లేచి దాని తల నిమిరి, గౌను గుడ్డ ఇచ్చాడు. పలక తీసి అటూ ఇటూ చూసి పెంచలు చేతిలో పెట్టాడు. "నువ్వన్నా రాసుకోరా అబ్బయ్యా." సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

ఆయన్ని సాగనంపి వచ్చాక వసారాలో చెంగి ఊయల తాడు పట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పటి చోట్లోనే. నేను లాంతరు తుడుస్తున్నాను.

"చిన్నమ్మా, పుస్తకం ఎందుకు తిప్పినావు?"

గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"పుస్తకం అట్టనే పెట్టుకోవాల. లోకంలో అందరూ అట్టనే చదవతారు."

"నన్ను ఈ పక్కన కూర్చోబెట్టింది నువ్వే గదా."

నేను లాంతరు తుడుస్తూనే ఉన్నాను.

"నేను చదివేది చదువు గాదా చిన్నమ్మా?"

"ఊయల ఊపు. పిల్లోడు లేస్తాడు" అన్నాను.

అది ఊపింది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆరోజు ఎత్తలేదు, పెద్దయ్యాక ఎత్తలేదు, నలుగురు బిడ్డల తల్లయ్యాక ఎత్తలేదు.

ఇంతటితో అయిపోలేదు. 1960లో, మూడో బిడ్డ పుట్టాక, ఏం తోచిందో, చెంగిని నా పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తిన్నగా పెట్టి నేర్పాను. నెల తిరక్కుండానే నేర్చుకుంది. తలకిందులుగా వచ్చిన ప్రతి అక్షరాన్నీ మనసులో తిప్పుకుని గుర్తుపట్టింది. ఇంత తేలికైన పనా? అప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, భయం. ఒక కార్డు ముక్క మీద మస్తానయ్యకి నాలుగు మాటలు రాస్తే సరిపోయేది. పిల్లకి చదవను వచ్చింది, వచ్చి తీసుకుపో అని. పుట్టింటికి దుఃఖం రాసుకునేవాళ్లకి, కొడుకుని రమ్మనేవాళ్లకి, వీధిలో అందరికీ ఉత్తరాలు రాసిపెట్టినదాన్ని. ఆ కార్డు రాయలేదు. ఊయలలో మళ్లీ ఒక బిడ్డ ఉంది.

చెంగి నా బిడ్డల్ని పెంచింది. పెంచడమే కాదు, చదువు కూడా అదే చెప్పింది. నాకు పొలం పని, వంట పని. రెండోవాడికి, మూడోదానికి, ఆ తర్వాత పుట్టినవాడికి సాయంత్రం పూట వసారాలో అదే పాఠం చెప్పేది. పుస్తకం బిడ్డ ముందు తిన్నగా ఉండేది. అది ఎదురుగా కూర్చుని తనవైపు నుంచే చదువుతూ, తనవైపు నుంచే వేలు పెట్టి చూపించేది. బిడ్డ పుస్తకాన్ని కదపక్కర్లేదు, మెడ తిప్పక్కర్లేదు. తప్పు చదివితే ఎదురుగా ఉన్న మొహంలోనే తెలిసిపోయేది. కొట్టడం నేను చూడలేదు. ముగ్గురికీ బడికి పోకముందే చదవను వచ్చేసింది. బడి పంతులు ఇంటికి వచ్చి మరీ నన్ను మెచ్చుకుని పోయాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

1965లో మస్తానయ్య చెంగికి సంబంధం చూసి చెప్పడానికి వచ్చాడు. వసారాలో నా బిడ్డలు చదువుతుంటే కాసేపు నిలబడి విన్నాడు.

"నీ బిడ్డలందరికీ చదువు బాగా అబ్బింది చెల్లెమ్మా. అదే చేత్తో మా పిల్లకీ చెప్పినావు. దాని బుర్రే అంత. నువ్వేం చేస్తావు" అన్నాడు.

చెంగి అప్పుడే మజ్జిగ గ్లాసు తెచ్చి గడపలో నిలబడి ఉంది. విన్నది. గ్లాసు మామకి ఇచ్చి లోపలికి పోయింది. నేను అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి, పుస్తకం తెప్పించి, చెంగిని పిలిచి, తిన్నగానూ తలకిందులుగానూ చదివించి చూపించొచ్చు. మేనమామ కళ్ల ముందు ఆ పిల్ల ఒక్కసారి తలెత్తుకునేది. దానికి అప్పటికి పదిహేనేళ్లు. చేజారినది తిరిగి రాకపోయినా, ఆ మాటన్నా మిగిలేది. నేను, "మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అన్నా?" అని అడిగాను.

ఆ మరుసటేడు చెంగికి పెళ్లయింది. సూళ్లూరుపేట అవతల, సేద్యం చేసుకునే కుటుంబం. మంచివాళ్లే. బాగానే బతికింది. బాగానే బతికింది కదా అని నన్ను నేను ఊరడించుకున్న రోజులు ఉన్నాయి. కానీ అది బాగా బతకడం దాని పని. నేను చేసినదానితో దానికి సంబంధం లేదు. కావలి వెళ్లి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఎక్కడిదాకా చదివేదో తెలియదు. ఇన్ని లెక్కలు వేసినదాన్ని, ఈ ఒక్క లెక్క ఎటునుంచి వేసినా తేలదు. అసలు వేసే హక్కు నాకు లేదు. వేయాల్సింది ఆమె.

మస్తానయ్య పోయాడు. మా ఆయన పోయాడు. రమణమ్మ పోయింది. చెంగిని మొద్దు అన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకిప్పుడు చూపు మందగించింది. కళ్లద్దాలు పెట్టుకుని, వేలెడేసి అక్షరాలతో రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి చాలా కాగితాలు పట్టాయి.

ఏటా చలికాలంలో చెంగమ్మ నన్ను చూడటానికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోతుంది. పొద్దున పూట పేపరు చదివి వినిపిస్తుంది. బల్లకి అవతలి వైపున నాకు ఎదురుగా కూర్చుంటుంది. పేపరు మాత్రం నావైపుకి తిన్నగా పెడుతుంది, నాకు బొమ్మలన్నా కనపడాలని. తను అవతల నుంచి చదువుతుంది. ఎక్కడా తడుముకోదు. ఇంట్లో చిన్నపిల్లలు చూసి గారడీ అనుకుంటారు. "ఎట్టా నేర్చుకున్నావు అవ్వా?" అని అడుగుతారు. "చిన్నప్పుడు మీ జేజి నేర్పింది" అని నన్ను చూపిస్తుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు లోపల ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాలదు.

ఇప్పుడు కూడా వచ్చి ఉంది. ఇది రాస్తున్నప్పుడు బల్లకి అవతల నాకు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఇన్ని రోజులూ ఆమె వస్తే కాగితం మీద చేయి అడ్డం పెట్టుకునేదాన్ని, లేదా సొరుగులో దాచేసేదాన్ని. ఈరోజు అడ్డం పెట్టలేదు. ప్రపంచంలో ఎవరైనా చదవడానికి కాగితాన్ని తమవైపు తిప్పుకోవాలి. ఆమెకి ఆ అవసరం లేదు.

ఇందాక పలక సంగతి రాస్తున్నప్పుడు ఆమె చేతులు ఆగాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి. నేను తలెత్తి చూడలేదు. క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు, రాయను కూడా. అది అడిగితే మళ్లీ ఒక పని ఆమె చేతికి అప్పగించినట్టే. జరిగినది జరిగినట్టు రాశాను. చేతిలో బరువు పోలేదు. కానీ ఇన్నేళ్లకి, అది చేతిలో ఉందని ఇంకొకరికి కనపడుతోంది.

ఈనెలు తీసే చప్పుడు మళ్లీ ఆగింది. ఆమె ఈ వరస దాకా వచ్చిందేమో. కాగితాన్ని నేను తిప్పడం లేదు.